బుచ్చయ్య పేరు మీద

కరోనా వచ్చిన ఆ యేడు బోనాలు ఇళ్ల తలుపుల వెనకే జరిగిపోయాయి. అప్పటికి నగేష్ చేతిలో ఉన్న సరుకు పెద్దదేమీ కాదు. ఒక మడత మంచం, ఒక కరెంటు పొయ్యి, ముప్ఫై ఎనిమిదేళ్ల వయసు, ఏటేటా పొడిగించే ల్యాబ్ టెక్నీషియన్ కాంట్రాక్టు. రెండు గల్లీల అవతల భార్య మహేశ్వరి, ఏడేళ్ల కూతురు ఆశ్రిత. ఆ ఇద్దరినీ చేతిలో ఉన్నవాటి కింద రాసుకోవచ్చో లేదో అతనికే అనుమానం. మార్చి నెలాఖరు నుంచి వాళ్లను ముట్టుకోలేదు. పేరుకు తనవాళ్లే, చేతికి అందనివాళ్లు.

ఇంట్లోవాళ్లకు అంటకూడదని అతను ఉంటున్నది లాల్‌దర్వాజాలో అన్న వైకుంఠం మసాలా దుకాణం మీది గదిలో. మూడు వంతులు ఎండుమిర్చి బస్తాలు, ఒక వంతు నగేష్. వాళ్లది మూడు తరాల వ్యాపార కుటుంబం. బేరం ఆడటం చేతగాక నగేష్ ఒక్కడే చదువుకుని నౌకరీలో పడ్డాడు. బేరం రాకపోయినా లెక్క మాత్రం ఒంట్లోంచి పోలేదు. ఏది జరిగినా ఎంత వచ్చింది, ఎంత పోయింది అని చూసుకోకుండా ఉండలేడు.

సరుకు నిలవ ఉంచితే తూకం తగ్గుతుంది. బెల్లమైనా మిర్చి అయినా అంతే, ఎవరూ దొంగిలించకుండానే తగ్గుతుంది. దాన్ని దుకాణదారులు తరుగు అంటారు. ఆ నాలుగు నెలల్లో నగేష్‌లో అలాంటి తరుగు వచ్చింది. నిద్ర సగమైంది. కంచంలో అన్నం సగమైంది. మాటలైతే అడుక్కి వచ్చేశాయి. యాకుత్‌పురా స్టేషన్‌కు ఇవతల ఉన్న చిన్న ఆరోగ్య కేంద్రంలో రోజుకు యాభై మంది ముక్కుల్లో పుల్ల పెట్టి తీస్తాడు. "తల పైకి, నోరు తెరవకండి, అయిపోయింది." రోజంతా ఆ మూడు ముక్కలే. సాయంత్రం మహేశ్వరికి ఫోను. "తిన్నవా?" "తిన్న." "పాప?" "చదువుకుంటున్నది." అక్కడితో ఆ రోజు మాటలు అయిపోతాయి.

మార్చిలో చప్పట్లు కొట్టిన గల్లీయే మే నెలకల్లా అతను వస్తుంటే తలుపులు దగ్గరికి వేసుకోవడం మొదలుపెట్టింది. ఒకరోజు దుకాణంలో ఒక గిరాకీ వైకుంఠాన్ని అడిగింది.

"సేట్, మీ తమ్ముడు గా కరోనా టెస్టులు చేస్తడంట గదా. మీ మిర్చి బస్తాల కాడనే పంటడా?"

ఆ సాయంత్రం వైకుంఠం కిందినుంచే తమ్ముడితో మాట్లాడాడు. "షట్టర్ లేవకముందు పో, షట్టర్ పడ్డంక రా. నిన్ను ఎల్లగొడుతలేను రా. గిరాకీని ఆపుకుంటున్న."

నగేష్‌కు కోపం రాలేదు. అన్న స్థానంలో ఉంటే తానూ అదే చేసేవాడు.

అసలు భయం ఎక్కించింది వెస్లీ సంగతి. వెస్లీ కేంద్రంలో అటెండరు. జూన్‌లో అతనికి పాజిటివ్ వచ్చింది. ఆ గంటలోనే ఇంటి తలుపుకు కాగితం అంటించారు. నల్లా వచ్చే రోజు అతని భార్య బిందె పట్టుకుని వస్తే మిగతా బిందెలన్నీ వెనక్కి జరిగాయి. జబ్బు పన్నెండు రోజుల్లో పోయింది. కాగితం చింపేసినా దాని గుర్తు పోలేదు. వెస్లీ సామాను ఆటోలో వేసుకుని సైదాబాద్ వెళ్లిపోయాడు. వెళ్లేముందు నగేష్‌తో ఒక్కటే అన్నాడు. "రోగం అగ్వకే పోయింది అన్నా. పేరు పిరమైంది."

జబ్బు చవకగా పోయి పేరు ఖరీదైందన్న ఆ మాట నగేష్ మనసులో మేకులా దిగింది.

జూలై చివర్లో ఒక గురువారం పొద్దున లేచాడు. కిటికీ తెరిచాడు, మొహం కడిగాడు. ఏదో తక్కువైనట్టు అనిపించింది. ఆ గదిలో అడుగు పెట్టిన ఎవరికైనా ముందు తగిలేది మిర్చి వాసన. అది లేదు. బస్తాలోంచి ఒక కాయ తీసి నలిపి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఘాటుకు కళ్లలో నీళ్లు తిరిగాయి గాని వాసన తెలియలేదు. మెట్లు దిగి, ఇంకా షట్టర్ లేవని దుకాణంలోకి వెనక తలుపు గుండా వెళ్లి ఇంగువ డబ్బా మూత తీశాడు. వీధి చివరిదాకా తెలిసే సరుకది. తెల్ల రాయిని వాసన చూసినట్టుంది.

ఎనిమిది కాకముందే కేంద్రానికి వెళ్లాడు. ఇంకా ఎవరూ రాలేదు. అద్దం ముందు నిలబడి తన ముక్కులో తానే పుల్ల పెట్టుకున్నాడు. ఇన్నాళ్లూ జనం ఎందుకు చెయ్యి పట్టుకుని లాగేవారో అప్పుడు తెలిసింది. పావుగంట తర్వాత కిట్ మీద రెండు గీతలు కనిపించాయి.

ఇప్పుడు రిజిస్టరు. ఆ రోజుకు వచ్చినవి యాభై కిట్లు. సాయంత్రానికి యాభై పేర్లు ఉండాలి. పేరు లేకుండా ఒక్క కిట్ కూడా పోవడానికి లేదు. పాడైందని రాస్తే ఎందుకు పాడైందో కాగితం రాసి ఇన్‌చార్జి డాక్టరమ్మ సంతకం తీసుకోవాలి, ఆ కిట్‌ను చూపించాలి. రెండు గీతలున్న కిట్‌ను పాడైందని ఎవరికి చూపిస్తాడు?

నగేష్ పెన్ను పట్టుకుని లెక్క వేసుకున్నాడు. తన పేరు రాస్తే ఏం పోతుంది? అన్న దుకాణం షట్టర్ పడుతుంది. మహేశ్వరి నల్లా దగ్గర ఒక్కతే నిలబడుతుంది. ఆశ్రితతో ఆడుకోవడానికి ఇంకా వస్తున్న ఇద్దరు పిల్లలు కూడా రారు. ఇంకొకరి పేరు రాస్తే వాళ్ల తలుపు మీద కాగితం పడుతుంది, అది పాపం. బతికున్నవాడి పేరు ఏది రాసినా ఎవరికో ఒకరికి నష్టమే. ఆరేళ్ల కింద పోయిన నాన్న ఒక్కడికే నష్టం లేదు.

బుచ్చయ్య, వయసు 66, లాల్‌దర్వాజా. ఫోన్ నంబరు దగ్గర తన పాత ఫోన్‌లో ఉన్న రెండో సిమ్ నంబరు రాశాడు. కేంద్రంలో ఆ నంబరు ఎవరి దగ్గరా లేదు. ఇంటి నంబరుకు రోడ్డు వెడల్పులో పోయిన వాళ్ల పాత ఇంటిది వేశాడు. యాభైలో ఒకటి సరిపోయింది.

తర్వాత ఇన్‌చార్జి డాక్టర్ స్రవ్యకు ఫోన్ చేసి, మెట్ల మీద జారి కాలు బెణికిందని, పది రోజులు నడవలేనని చెప్పాడు.

"నగేష్ గారూ, మీరు కూడా ఇట్లా అంటే ఎట్లండీ? ఉన్నదే మనం నలుగురం," అంది ఆమె. తిట్టలేదు. తిడితే బాగుండేదనిపించింది.

ఆ లెక్కలో ఒక పేరు వదిలేశాడు. గుర్తు రాక కాదు. ఏఎన్‌ఎం లీలమ్మ ముందటి రెండు మధ్యాహ్నాలూ అతని ఎదురుగా కూర్చుని పాజిటివ్ వాళ్ల పేర్లు చదివింది, అతను రాశాడు. కిటికీ లేని స్టోరు గది, ఒకే బల్ల. గంటసేపు మాస్కులోంచి చదివితే ఆయాసం వస్తుందని ఆమె మాస్కు కిందికి లాక్కుంది. వినపడటం లేదని అతను కూడా లాక్కున్నాడు. 'బల్ల వెడల్పు మూడడుగులుంది, ఫ్యాను తిరుగుతోంది, ఏం కాదులే' అనుకున్నాడు. తూకంలో మోసం చేసినట్టు తనకు తానే కాటా కొట్టుకున్నాడు.

మర్నాడు పదకొండింటికి పాత ఫోన్ మోగింది.

"హలో, బుచ్చయ్య గారేనా? దావఖాన నుంచి నర్సమ్మను మాట్లాడుతున్న."

లీలమ్మ గొంతు. పాజిటివ్ వచ్చి ఇంట్లో ఉన్నవాళ్లకు రోజూ ఫోన్ చేసి జ్వరం, దమ్ము కనుక్కోవడం ఆమె పని. ఆ సంగతి తెలిసి కూడా నగేష్ లెక్కలోకి తీసుకోలేదు. కట్ చేద్దామనుకున్నాడు. చేస్తే వెతుక్కుంటూ మనిషి వస్తాడు. గొంతు ఎలాగూ గరగరలాడుతోంది. నాన్న మాట్లాడినట్టు ముక్కుతో, సాగదీసి అన్నాడు.

"ఆఁ... బుచ్చయ్యనే."

"జ్వరం ఉన్నదా బాపూ?"

"జెర ఉన్నది బిడ్డా."

అవతల నవ్వు వినపడింది. "యాభై మూడేండ్లున్నయ్ నాకు. నన్ను బిడ్డా అనెటోడు పోయి పదేండ్లాయె. అను బాపూ, ఇనబుద్ధయితున్నది. దమ్మొస్తున్నదా?"

"లేదు."

"ఇంట్ల ఎవరున్నరు?"

"ఎవ్వరు లేరు."

"కొడుకులు లేరా?"

"ఇద్దరున్నరు. ఒకడు దుకాణంల, ఒకడు నౌకరీల."

"ఇద్దరుండి నువ్వొక్కనివే ఉన్నవా? ఆళ్ల నంబర్లియ్యి, జెర నాతోని తిట్లు తినని."

నగేష్‌కు నవ్వొచ్చింది. నవ్వు దగ్గుగా మారింది. "అయ్యో, దగ్గకు దగ్గకు. వేడినీళ్లు తాగు. మీ ఇంటి నంబరు మా ఆశ వర్కర్ పిల్లకు దొరుకుతలేదంట. గోలీలు ఉన్నయా?"

"ఉన్నయ్ బిడ్డా. తెప్పిచ్చుకున్న."

"సరే. రేపు చేస్త. ఫికర్ జెయ్యకు."

ఫోన్ పెట్టేశాక నగేష్ చాలాసేపు మంచం మీద కూర్చుండిపోయాడు. ఫికర్ చెయ్యకు అని తనతో ఎవరైనా అని ఎన్నాళ్లయిందో లెక్క తీశాడు. దొరకలేదు. ఈ లీలమ్మే కేంద్రంలో తనతో ఎలా ఉండేది? "టెక్నీషియన్ సాబ్, గిది ఏడా, నాలుగా? కోడి కాళ్లతోని రాస్తున్నవా?" అనేది. రెండేళ్లలో ఆమెకు తన గొంతు గుర్తుపట్టేటంత మాటలు తాను మాట్లాడలేదన్నది కూడా అప్పుడే తెలిసింది.

మహేశ్వరి మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తెచ్చి కింది మెట్టు మీద పెట్టి, గల్లీలోంచి పైకి చూసి, "కాలుకు ఉప్పు కాపడం పెట్టు," అని వెళ్లిపోయింది. ఆమెకు కూడా కాలు కథే చెప్పాడు.

శనివారం పదకొండు కాకముందే ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చున్నాడు.

"ఏం తిన్నవ్ బాపూ?"

"పప్పన్నం."

"నోటికి తెలుస్తున్నదా?"

"మట్టి తిన్నట్టున్నది."

"తెలియకున్నా తిను. ఒక పనిలెక్క తిను. నాకు రోజు నలభై ఫోన్లుంటయ్. అందరు ఎప్పుడు పెట్టేస్తదా అన్నట్టే మాట్లాడుతరు. నువ్వొక్కనివే నిమ్మళంగ మాట్లాడుతవ్." ఆ రోజు ఆమె బుచ్చయ్యతో పన్నెండు నిమిషాలు మాట్లాడింది. ఫోన్ చూపించిన లెక్క అది.

ఆదివారం కూడా మోగింది.

"ఇయ్యాల సెలవు గదా బిడ్డా?"

"లిస్టు చేస్తలేను. నీకొక్కనికే చేస్తున్న. మా చర్చి బందున్నది. మా ఇంటి మెట్ల మీద కూసున్న. కొంపలకు పోవడానికి లేదు."

"ఎందుకు?"

"మా ఇంటాయన బాబురావు. రైల్వేల చేసి దిగిండు. ఆయనకు దమ్ము. చలికాలమొస్తే ఒక్కొక్క ఊపిరి అడుక్కున్నట్టు తీస్తడు. నేను ఈ రోగం ఇంట్లకు మోసుకపోతే ఆయన మూడు దినాలు గూడ ఆగడు. అందుకే ఏప్రిల్ సంది మెట్ల కాడ చాప ఏసుకుంటున్న. ఆయన లోపల తింటడు, నేను మెట్ల మీద తింట. ముప్పై ఏండ్ల సంసారం బాపూ, మధ్యల ఒక తలుపు." మళ్లీ అంది, "దావఖానల గూడ ఎవరితోని చెప్పుకుంట? మా టెక్నీషియన్ ఉన్నడు, నగేషని. కాలు బెణికిందని పన్నడు. ఆడు లేక నా చేతులు ఇరిగిపోతున్నయ్."

నగేష్ గొంతు ఇంకా సాగదీశాడు. "మంచోడేనా?"

"మంచోడే. పిరికోడు. మూతికి తాళమేసుకొని మూలకు కూసుంటడు. మేం పొగరనుకున్నం. ఏమైంది రా అని నేను గూడ ఒక్కనాడు అడగకపోతి. అందరిదీ గదే బతుకు, ఎవని భయం ఆనికి."

"తిను బిడ్డా, అన్నం సల్లారుతది," అన్నాడు బుచ్చయ్య.

సోమవారం తెల్లవారినప్పటి నుంచి వాన. మెట్ల మీద నీళ్లు జలజలా కారుతున్నాయి. పదకొండింటికి ఫోన్ వచ్చింది. లీలమ్మ గొంతు బొంగురుగా ఉంది.

"ఏమైంది బిడ్డా గొంతుకు?"

"ఏం లేదు బాపూ. నిన్న రాత్రి సంది గరగర. మెట్ల మీద ముసురుకు చాప తడిసింది. బాబురావు లొల్లి పెట్టిండు, ఇయ్యాల సంది లోపలికే రా అని. పోత ఇగ. ఎన్ని దినాలుంట గిట్ల?"

నగేష్ మంచం మీంచి లేచి నిలబడ్డాడు. మంగళ, బుధ, రెండు మధ్యాహ్నాలు. మూడడుగుల బల్ల. ఈ రోజుకు ఆరు రోజులు, ఐదు రోజులు. లెక్క అచ్చంగా సరిపోయింది. సరిపోకపోతే బాగుండునని అతను ఏ లెక్క విషయంలోనూ అంతవరకు కోరుకోలేదు.

"లోపలికి పోకు బిడ్డా. టెస్టు చేపిచ్చుకో."

"నాకెందుకు టెస్టు? సూటు లేకుంట ఏ పాజిటివ్ దగ్గరికి నేను పోలే. కిట్లు గూడ లెక్క మీదున్నయ్, ఉట్టిగ ఒకటి పాడుజేస్తే మేడం ఊకుంటదా? ముసురు గొంతు ఇది, పసుపు పాలు తాగితే పోతది."

"పోకు బిడ్డా, నా మాట ఇను. పెద్దోన్ని చెప్తున్న."

"ఏంది బాపూ, రోగం నీకా నాకా?" నవ్వింది. "ఇంక ముప్పై ఆరు ఫోన్లున్నయ్. సాయంత్రం ఆరింటికి ఇంటికి పోత. ఇయ్యాల బాబురావు పక్కకు కూసొని తింట. నాలుగు నెలలాయె." పెట్టేసింది.

నగేష్ రెండు చేతులూ తల మీద పెట్టుకుని బస్తాల మధ్య నిలబడ్డాడు. ఇప్పుడు నోరు విప్పితే పోయేవేవో అతనికి వరసగా తెలుసు. కాంట్రాక్టు, దుకాణం షట్టర్, నల్లా, పాప ఆటలు, అన్న మొహం. వాటన్నిటికీ మించి, రోజూ పదకొండింటికి వచ్చే ఆ పది నిమిషాలు పోతాయి. సిగ్గుపడ్డాడు గాని, అన్నిటికంటే బరువుగా తూగింది అదే. విప్పకపోతే పోయేది ఒక్కటే, బాబురావు ఊపిరి. అది తనది కాదు. తనది కానిదాన్ని పణం పెట్టే హక్కు ఏ వ్యాపారికీ లేదు.

పాత ఫోన్‌తోనే తిరిగి చేశాడు. ముక్కు గొంతు వదిలేశాడు.

"లీలమ్మక్కా, నేను నగేష్."

"ఎవరు? నగేషా?" ఆమె గొంతు ఒక్కసారిగా మారిపోయింది. "ఈ నంబర్ల నుంచి నువ్వేంది? బాపుకు ఏమైంది? ఇప్పుడే మాట్లాడిన గద రా! నువ్వు ఆయనకు ఏమైతవ్? దమ్మొచ్చిందా? అంబులెన్సుకు చెప్పాల్నా?"

"అక్కా, అక్కా, ఆగు. బాపు లేడు."

"ఏసయ్యా! ఇప్పుడే గదరా..."

"బాపు చచ్చి ఆరేండ్లయింది అక్కా. బుచ్చయ్య మా నాయిన. టెస్టు చేసుకున్నది నేను. నాకే వచ్చింది. పేరు ఆయనది రాసిన. ఇన్ని దినాలు మాట్లాడింది నేనే."

అవతల వాన చప్పుడు మాత్రం వినపడుతోంది. ఇద్దరి వైపూ ఒకే వాన.

"మంగళవారం, బుధవారం మనం స్టోరు రూంల కూసున్నం. మాస్కులు తీసినం. నీ గొంతు ముసురుకు కాదక్కా. లోపలికి పోకు. బాబురావన్న దగ్గరికి పోకు."

ఆమె మెల్లగా అంది. "గురువారం పొద్దుగాల తెలుసు నీకు."

"తెలుసు."

"నాలుగు దినాలు నేను ఫోన్ చేసిన. రోజు చేసిన. తిన్నవా, పన్నవా అని అడిగిన."

"అవునక్కా."

"ఆయన దమ్ము సంగతి నీ చెవులనే ఏసిన గద రా. అప్పుడన్న నోరు పెగలలేదా?"

"పెగలలేదక్కా."

"థూ నీ బతుకు," అంది. ఫోన్ పెట్టేసింది.

మధ్యాహ్నం రెండింటికి డాక్టర్ స్రవ్య ఫోన్ చేసింది. లీలమ్మ కిట్ మీద కూడా రెండు గీతలు వచ్చాయని, రిజిస్టర్లో ఆమె తన పేరు తానే రాసుకుందని చెప్పింది. లీలమ్మను కేంద్రంలో టీకాల గదిలో ఉంచారు. బాబురావుకు ఆ రోజు ఒకసారి, ఐదు రోజుల తర్వాత ఒకసారి టెస్టు చేశారు. రెండుసార్లూ ఒకే గీత వచ్చింది. బుచ్చయ్య పేరు కొట్టేసి పక్కన నగేష్ పేరు రాశారు. సంజాయిషీ అడుగుతూ మెమో వచ్చింది. కాంట్రాక్టు మాత్రం పోలేదు. జాలిపడి కాదు, యాభై ముక్కుల్లో పుల్ల పెట్టే మనిషి ఇంకొకడు దొరక్క.

మర్నాడు, మంగళవారం పొద్దున, దుకాణం షట్టర్ సగం కిందికి దింపి, వీధిలో నిలబడి వైకుంఠం పైకి చూసి అరిచాడు. ఎదురిళ్ల కిటికీలన్నీ తెరుచుకున్నాయి.

"నాయిన పేరు రాస్తవా రా? బతికున్నప్పుడు ఒక్క సూది గూడ ఏపిచ్చుకోని మనిషి! చచ్చి ఆరేండ్లయినంక ముక్కుల పుల్ల పెట్టిచ్చినవ్ గద రా!"

"నీ దుకాణం కోసమే అన్నా."

"నా దుకాణం! పది దినాలు బందయితే బందయితది, మళ్ల తెరుస్త. నీకు జ్వరమొస్తే నాకు చెప్పుటానికి ఏమైంది? నేను పరాయోన్నా?"

"షట్టర్ పడ్డంక రమ్మన్నవ్ గదన్నా."

వైకుంఠం తల తిప్పేసుకున్నాడు. తెరుచుకున్న కిటికీల వంక చూశాడు. "ఏం చూస్తున్నరు? తమాషానా?" అని అటువైపు అరిచి, మిగిలిన షట్టర్ కూడా కిందికి లాగేశాడు.

సాయంత్రం మహేశ్వరి ఫోన్ చేసింది.

"కాలు ఎట్లున్నది?" అంది.

నగేష్ బెణకని కాలు మంచం కిందికి లాక్కున్నాడు.

"ఉప్పు కాపడం పెట్టుమన్న గద. పెట్టినవా?" ఆమె గొంతులో ఏడుపు ఉందో ఎగతాళి ఉందో తెలియలేదు. "గల్లీకి భయపడ్డవ్, మీ అన్నకు భయపడ్డవ్. సరే. నాకు గూడ భయపడ్డవా?"

"పాప..."

"పాప మంచిగనే ఉన్నది. నల్లా కాడ నాకు బిందె పెట్టనియ్యలే. అందరు పోయినంక నేను పట్టుకుంటున్న, అంతే. ఏం చావలే." అని, "డబ్బా మెట్టు మీద పెట్టిన. తీసుకో," అంది.

అతను అన్నాళ్లూ భయపడ్డ నష్టాలన్నీ ఒకదాని వెనక ఒకటి జరిగాయి. జరిగాక చూస్తే ఏదీ అతను ఊహించినంత పెద్దది కాదు. అలాగని చిన్నదీ కాదు.

మిగిలిన రోజుల్లో పదకొండింటికి ఫోన్ మోగేది. లీలమ్మ స్థానంలో కొత్తగా పెట్టిన అమ్మాయి. "జ్వరం ఉందా, దగ్గు ఉందా, ఆయాసం ఉందా" అని అడిగి పెట్టేసేది. ఆ అమ్మాయి తప్పేమీ లేదు, ఆమెకు నలభై ఫోన్లు. ఆ ఫోన్ పెట్టేశాక రోజులో ఇంకేమీ మిగిలేది కాదు. టీకాల గదిలో లీలమ్మకు ఎవరు ఫోన్ చేస్తున్నారో అని అనుకునేవాడు. రెండుసార్లు నంబరు నొక్కి, మోగకముందే కట్ చేశాడు.

ఆగస్టు రెండో వారంలో ఇద్దరూ మళ్లీ పనిలోకి వచ్చారు. నగేష్ నాలుగు రోజులు ముందు, లీలమ్మ తర్వాత. స్టోరు గదిలో ఇప్పుడు రెండు బల్లలున్నాయి, ఒకటి ఈ గోడకు, ఒకటి ఆ గోడకు. తలుపు తీసే ఉంచుతున్నారు. ఆమె మాస్కు తీయకుండా అక్కడి నుంచి పేర్లు గట్టిగా చదువుతుంది. అతను రాస్తాడు. పేరు తప్ప ఇంకో మాట లేదు. 'కోడి కాళ్లు' అని కూడా అనడం మానేసింది. మనిషికి కోపం కంటే ఈ మర్యాద బరువని నగేష్‌కు అర్థమైంది.

మూడో రోజు పేర్లు అయిపోయాక ఆమె లిస్టు మడుస్తూ, అతని వైపు చూడకుండానే అడిగింది.

"ఆ గొంతు యాడ నేర్చినవ్?"

"మా నాయిన గట్లనే మాట్లాడుతుండె."

"ఎట్లాంటోడు?"

"మంచోడే. బేరంల కఠినం."

ఆమె లిస్టును ఇంకో మడత పెట్టింది. "నాతోని మంచిగనే మాట్లాడిండు," అంది. "నలభై మంది ఉంటిరి. అందరిని నేను అడుగుతుంటి, తిన్నరా అని. నన్ను అడిగినోడు ఆయనొక్కడే. అన్నం సల్లారుతది తిను బిడ్డా అన్నడు. ఆ దినం తిన్న." మాస్కు సరిచేసుకుంది. "నువ్వు ఫోన్ జేసి బాపు లేడన్నప్పుడు, సచ్చిపోయిండనే అనుకున్న. ఇప్పటికీ గట్లనే ఉన్నది నాకు. నా మనిషి ఒకడు పోయినట్టే. నీ మీద కోపం దానికి గూడ."

"తప్పయిందక్కా."

"అయింది." లిస్టు సంచిలో పెట్టుకుని లేచింది. తలుపు దగ్గర ఆగి, "తిన్నవా?" అంది.

"లేదు."

"తినుపో," అని వెళ్లిపోయింది.

ఆ నెలాఖరుకు నగేష్ ఇంటికి వెళ్లాడు. ఆశ్రిత తలుపు వెనక నుంచి చూసింది గాని దగ్గరికి రాలేదు. అయిదు నెలలు దూరం జరుగు అని చెప్పిన తండ్రి ఇప్పుడు రమ్మంటే ఎలా నమ్ముతుంది? అతనూ చేతులు చాచడానికి వెనకాడాడు. ఒంట్లోంచి రోగం పోయింది, చేతుల్లోంచి భయం పోలేదు. మహేశ్వరి అన్నం పెట్టింది, ఎదురుగా కూర్చుంది, ఏమీ అడగలేదు. అతను తింటూ లెక్క వేసుకున్నాడు.

పోయినవి: నాన్న పేరు మీద అన్నకున్న గౌరవంలో కొంత, గల్లీలో తలెత్తుకు నడిచే చనువు, కూతురి చేతుల్లోని నమ్మకం, లీలమ్మకు ఒక బాపు. వచ్చినవి: రిజిస్టర్లో యాభై మందిలో ఒకడిగా తన సొంత పేరు, రెండు గోడల మధ్య నుంచి రోజుకొకసారి వినపడే "తిన్నవా". ఇవి కాక బాబురావు ఊపిరి. అది అతని వాటా కింద రాదు, లీలమ్మ ఇంట్లో జమ. అయినా నగేష్ దాన్ని తన లెక్కలోనే చివర వేసుకున్నాడు. అది ఒక్కటీ తీసేస్తే మిగతాదంతా నష్టమే. అది ఉంది కాబట్టి, ఎంతోకొంత మిగిలింది.